విజర్డ్ ఊడ్చేస్తుంటే ఫైటర్ చూస్తూ కూర్చోవాలా? డీ అండ్ డీ టేబుల్లో క్లాసుల బ్యాలెన్స్ సరిచేయడం ఎలా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒక్కొక్కరు ఒక క్లాసు పాత్ర (ఫైటర్ అంటే యోధుడు, విజర్డ్ అంటే మంత్రగాడు) తీసుకుని పాచికలతో కథ ఆడే ఆట. దాన్ని ఆడించే డీఎంలు (డంజన్ మాస్టర్లు) పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మా విజర్డ్ రెండు ఫైర్‌బాల్స్ వేస్తే ఫైట్ అయిపోతోంది. ఫైటర్ ఆడే అతను తన వంతు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. ఫైటర్‌కి ఏమైనా కలపాలా, విజర్డ్‌కి ఏమైనా కోయాలా?"

ఇప్పటికైతే రెండూ వద్దు. ముందు ఒక్క సంగతి చెప్పండి: మీ ఆటలో ఒక లాంగ్ రెస్ట్‌కీ (శక్తులు తిరిగొచ్చే రాత్రి నిద్ర) ఇంకో లాంగ్ రెస్ట్‌కీ మధ్య ఎన్ని ఫైట్లు జరుగుతున్నాయి? జవాబు ఒకటో రెండో అయితే లోపం ఫైటర్‌లో లేదు, మీ రోజులో ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకుండా, ఏ వరుసలో చూసుకుంటూ రావాలో కింద ఉంది. ముందు కొలవండి, తర్వాత రోజును సరిచేయండి, క్లాసు రూల్స్‌ను అన్నిటికన్నా చివర ముట్టుకోండి.

లెక్కలన్నీ ఐదో ఎడిషన్‌వి, 2014 పుస్తకం ప్రకారం. 2024 పుస్తకంలో తేడా ఉన్నచోట చెప్పాను.

కావలసినవి

- అందరి క్యారెక్టర్ షీట్ల ఫోటోలు. నెల కిందటివి కాదు, ఇవాళ్టివి.
- ఏ ఎడిషన్ ఆడుతున్నారన్న స్పష్టత. సగంమంది 2014, సగంమంది 2024 పుస్తకం చూస్తుంటే ముందు అది తేల్చండి. ఆ తగాదా తీరకుండా మిగతాదంతా వృథా.
- ఒక నోటుబుక్కు, కాలిక్యులేటర్.
- మూడు సెషన్ల ఓపిక. ఒక్క సెషన్ చూసి తీర్పు చెప్పకండి. పాచికలు ఒక రాత్రి ఎవరికైనా కలిసొస్తాయి.

1. అసలు ఫిర్యాదు ఏమిటో విడదీయండి

"బ్యాలెన్స్ లేదు" అనే మాట కింద నాలుగు వేర్వేరు బాధలు ఉంటాయి: డ్యామేజ్ తక్కువ, ఊరికే పడిపోతున్నాను, ఫైట్ బయట నాకు పని లేదు, నా వంతు రావడానికి చాలాసేపు పడుతోంది. ప్రతి ఆటగాడినీ విడిగా అడగండి, గ్రూపులో కాదు. గ్రూపులో అడిగితే మొహమాటానికి అందరూ "బాగానే ఉంది" అంటారు.

నాలుగో బాధను చాలామంది మొదటిదిగా పొరబడతారు. విజర్డ్ తన వంతులో ఐదు నిమిషాలు పుస్తకం తిరగేసి, ఫైటర్ అర నిమిషంలో రెండు పాచికలు వేసి ముగిస్తే, డ్యామేజ్ సమానంగా ఉన్నా ఫైటర్‌కి తాను లేనట్టే అనిపిస్తుంది. దీనికి మందు రూల్స్‌లో లేదు. "మీ తర్వాత విజర్డ్, సిద్ధంగా ఉండండి" అని ముందే పిలవండి. వాడబోయే స్పెల్స్‌ను (మంత్రాలను) కార్డుల మీద రాసి పెట్టుకోమనండి.

2. షీట్లు సరిచూడండి

విరిగిపోయిన క్లాసు అనుకున్నది చాలాసార్లు తప్పుగా చదివిన రూల్ అవుతుంది. ఎక్కువగా దొరికే తప్పులు ఇవి:

- కాన్సన్‌ట్రేషన్ (స్పెల్ ఆగిపోకుండా ధ్యాస పెట్టి ఉంచడం). ఒకేసారి రెండు కాన్సన్‌ట్రేషన్ స్పెల్స్ నడవవు. హేస్ట్ నడుస్తుండగా ఫ్లై వేస్తే హేస్ట్ పోతుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (తట్టుకోగలిగారో లేదో చూసే పాచిక) వేయాలి. డీసీ (అందుకోవలసిన అంకె) 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. ఈ సేవ్ అడగడం డీఎం మర్చిపోతే విజర్డ్, క్లెరిక్ ఇద్దరూ ఉచితంగా ఒక లెవెల్ పైకి వెళ్లినట్టే.
- ప్రిపేర్డ్ స్పెల్స్. ఐదో లెవెల్ విజర్డ్, ఇంటెలిజెన్స్ 18 ఉంటే 2014 రూల్స్‌లో 5 + 4 = 9 స్పెల్స్ మాత్రమే సిద్ధం చేసుకోగలదు. స్పెల్‌బుక్‌లో ఉన్నవన్నీ వేస్తుంటే ఆపండి. రిచువల్స్‌కు (తీరిగ్గా వేసే స్పెల్స్‌కు) మినహాయింపు ఉంది.
- ఒకే వంతులో రెండు స్పెల్స్. 2014లో బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేస్తే, ఆ వంతులో ఇంకొకటి యాక్షన్‌తో వేసే క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగల చిన్న స్పెల్) మాత్రమే అయి ఉండాలి. 2024లో ఒక వంతులో ఒక్క స్పెల్ స్లాటే (స్పెల్ వేయడానికి ఖర్చయ్యే నిల్వ) ఖర్చు చేయవచ్చు.
- నోటితో చెప్పే మంత్రం. వెర్బల్ కాంపొనెంట్ ఉన్న స్పెల్‌ను వ్యాపారి ఎదుట నిలబడి గుట్టుచప్పుడు కాకుండా వేయడం కుదరదు. చార్మ్ పర్సన్ మీ ఆటలో మరీ బలంగా ఉందంటే కారణం తరచుగా ఇదే.
- ఖరీదైన సామగ్రి. రివివిఫైకి 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి, అవి ఖర్చైపోతాయి. స్పెల్ ఫోకస్ ఉంటే సరిపోదు.
- రోగ్ (దొంగ తరహా క్లాసు) స్నీక్ అటాక్, అంటే అదనపు డ్యామేజ్ ఇచ్చే దెబ్బ. ఇక్కడ తప్పు ఎదురు దిశలో జరుగుతుంది. దాక్కుంటేనే స్నీక్ అటాక్ అని చాలామంది డీఎంలు అనుకుంటారు. కాదు. అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉన్నా సరే, లేదా ఆ శత్రువుకు 5 అడుగుల లోపల రోగ్ మిత్రుడొకడు ఉండి, రోగ్‌కి డిసడ్వాంటేజ్ లేకపోయినా సరే. ఫినెస్ లేదా రేంజ్డ్ ఆయుధం ఉండాలి, అంతే.

ఈ చివరి తప్పు ఖరీదు ఎంతో చూడండి. ఐదో లెవెల్ రోగ్ షార్ట్‌బో‌తో, ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవలసిన అంకె) 15 ఉన్న శత్రువు మీద: స్నీక్ అటాక్ లేకపోతే రౌండుకు సగటు 5 డ్యామేజ్, ఉంటే 12.4. కన్నింగ్ యాక్షన్‌తో దాక్కుని అడ్వాంటేజ్‌తో కొడితే 17.2. "రోగ్ పనికిరాదు" అని మీ టేబుల్లో వినిపిస్తుంటే మీ తీర్పులే ఒకసారి తిరగేసుకోండి.

3. మూడు సెషన్లు లెక్క రాయండి

నోటుబుక్కులో ఒక్కో లాంగ్ రెస్ట్‌కి ఒక్కో వరుస: ఎన్ని ఫైట్లు, మొత్తం ఎన్ని రౌండ్లు, ఎన్ని షార్ట్ రెస్ట్‌లు (గంటసేపటి విరామాలు), నిద్రపోయే ముందు ఒక్కొక్కరి దగ్గర మిగిలిన స్లాట్లు ఎన్ని. డ్యామేజ్ మొత్తాలు కూడా రాయగలిగితే మంచిది. రాయలేకపోతే మానేయండి, స్లాట్ల గడి మాత్రం వదలకండి. విజర్డ్ మూడో లెవెల్ స్లాట్లు మిగుల్చుకుని పడుకుంటున్నాడంటే అతనికి ఆ రోజు ఏ ఒత్తిడీ లేనట్టు. మిగతా అంకెలన్నిటికన్నా ఎక్కువ చెప్పే అంకె ఇది.

డ్యామేజ్ రాస్తుంటే ఒక జాగ్రత్త. క్లెరిక్ బ్లెస్ వేస్తే దాడికి 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి), అంటే సగటు 2.5 కలుస్తుంది. తగిలే అవకాశం సుమారు 12 శాతం పెరుగుతుంది. రౌండుకు రెండు దాడులు చేసే ఫైటర్‌కి దానివల్ల వచ్చే 2.75 డ్యామేజ్ క్లెరిక్ ఖాతాలో వేయండి. అలాగే వెబ్, హిప్నోటిక్ ప్యాటర్న్ లాంటివి డ్యామేజ్ చూపించవు కానీ ఫైట్‌ను సగంలో ముగించేస్తాయి. అలాంటి మలుపు ఎవరివల్ల వచ్చినా పేరు పక్కన ఒక చుక్క పెట్టండి.

4. కాగితం మీద లెక్క వేయండి

సూత్రం ఒకటే: (సగటు డ్యామేజ్ × తగిలే అవకాశం) + (పాచికల సగటు × 0.05). రెండో భాగం క్రిటికల్ హిట్ (డీ20 మీద 20 పడితే డ్యామేజ్ పాచికలు రెట్టింపు) కోసం. ఐదో లెవెల్లో ముఖ్యమైన ఏబిలిటీ 18 అయితే దాడికి +7. ఏసీ 15ను కొట్టడానికి డీ20 మీద 8 లేదా ఆ పైన పడాలి, అంటే 65 శాతం.

ఫైటర్, గ్రేట్‌సోర్డ్: దెబ్బకు 2డీ6 + 4, సగటు 11. రెండు దాడులకు 14.3, క్రిటికల్ కలిపితే రౌండుకు 15. యాక్షన్ సర్జ్ (రెస్ట్‌కు ఒకసారి దొరికే అదనపు యాక్షన్) వాడిన రౌండులో 30. ఫైటింగ్ స్టైల్ ఇందులో కలపలేదు, లెక్క తేలిగ్గా ఉండాలని.

విజర్డ్: ఫైర్ బోల్ట్ క్యాంట్రిప్ 2డీ10, రౌండుకు 7.7. రెండో లెవెల్ స్లాట్‌తో స్కార్చింగ్ రే వేస్తే 14.7. ఫైర్‌బాల్ 8డీ6, సగటు 28; డీసీ 15, శత్రువు డెక్స్‌టెరిటీ సేవ్ +2 అయితే ఒక్కొక్కరి మీద సగటున 22.4. ముగ్గురు దొరికితే 67.

ఈ 67 ఎదుట 15ను పెట్టి చూసేసరికి చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. అక్కడే ఆగకండి. రోజు మొత్తానికి వేయండి. ఒక్కో ఫైట్ నాలుగు రౌండ్లు అనుకుందాం:

- ఒక్క ఫైట్ ఉన్న రోజు: ఫైటర్ 75, విజర్డ్ 164.
- షార్ట్ రెస్ట్ లేకుండా రెండు ఫైట్లు: ఫైటర్ 135, విజర్డ్ 202.
- రెండు షార్ట్ రెస్ట్‌లతో ఆరు ఫైట్లు: ఫైటర్ 405, విజర్డ్ 384.

మూడో వరుసలో ఫైటర్‌కి యాక్షన్ సర్జ్ మూడుసార్లు దొరికింది. విజర్డ్‌కి ఆర్కేన్ రికవరీతో (షార్ట్ రెస్ట్‌లో కొన్ని స్లాట్లు తిరిగి తెచ్చుకోవడం) ఇంకో ఫైర్‌బాల్ వచ్చింది, అయినా మిగతా 18 రౌండ్లు క్యాంట్రిప్‌తోనే నెట్టుకొచ్చాడు. మొదటి లెవెల్ స్లాట్లను షీల్డ్, మేజ్ ఆర్మర్‌కే వదిలేశాం. అదే క్లాసులు, అదే రూల్స్. రోజు పొడవు మారేసరికి రెట్టింపు పైగా ఉన్న తేడా తలకిందులైంది. పవర్‌ప్లేలో ఉతికేసే బ్యాట్స్‌మన్‌నూ రోజంతా క్రీజులో నిలబడే బ్యాట్స్‌మన్‌నూ ఒకే జట్టులో పెట్టుకుని, ప్రతిసారీ ఆరు ఓవర్ల మ్యాచే ఆడిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది.

వార్‌లాక్‌కి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఐదో లెవెల్లో రెండే స్లాట్లు, అవి షార్ట్ రెస్ట్‌తో తిరిగి వస్తాయి. రోజుకు రెండు షార్ట్ రెస్ట్‌లు ఉంటే ఆరు స్లాట్లు, లేకపోతే రెండే. "వార్‌లాక్ అంటే ఎల్డ్రిచ్ బ్లాస్ట్ తప్ప ఏముంది" అంటున్న ఆటగాడికి రావలసిన స్లాట్లను మీ టైమ్‌టేబుల్ ఎగ్గొట్టి ఉండవచ్చు.

అసలు ఈ ఇబ్బంది ఎక్కడినుంచి వచ్చిందో రెండు ముక్కల్లో: 1978 నాటి రూల్స్‌లో రెండో లెవెల్‌కు చేరడానికి థీఫ్‌కు 1,251, ఫైటర్‌కు 2,001, మ్యాజిక్ యూజర్‌కు 2,501 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. అంటే బ్యాలెన్స్ లెవెల్ పెరిగే వేగంలో ఉండేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకే పట్టిక ఇచ్చింది. 2008లో నాలుగోది అన్ని క్లాసుల శక్తులనూ ఒకే అచ్చులో పోసింది, అది చాలామందికి రుచించలేదు. ఐదోది బ్యాలెన్స్ భారాన్ని రెస్ట్‌ల మీద, అంటే మీ మీద పెట్టింది.

5. రోజును సాగదీయండి

2014 డీఎం గైడ్ అంచనా ప్రకారం ఒక రోజుకు మీడియం లేదా హార్డ్ స్థాయి ఎన్‌కౌంటర్లు ఆరు నుంచి ఎనిమిది, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు. "ఆదివారం రాత్రి దొరికేదే మూడు గంటలు, ఎనిమిది ఫైట్లు ఎక్కడ పెట్టేది?" అంటారు. అమెరికాలో ఒకరు, హైదరాబాద్‌లో ముగ్గురు ఉన్న ఆన్‌లైన్ టేబుల్ అయితే ఆ మూడు గంటలు కుదరడమే గొప్ప. అందుకే దారులు చెబుతున్నాను. మీకు నప్పేది ఒకటి తీసుకోండి, అన్నీ కలిపి పెట్టకండి.

క) ఆట రోజు వేరు, సెషన్ వేరు. సెషన్ అయిపోగానే లాంగ్ రెస్ట్ ఇవ్వాలన్న రూల్ ఎక్కడా లేదు. ఒక ఆట రోజును రెండు మూడు సెషన్లకు పరచండి. సెషన్ చివర హిట్ పాయింట్లు, స్లాట్లు, మిగిలిన హిట్ డైస్ ఫోటో తీసి గ్రూపులో పెట్టమనండి. ఇది పెట్టకపోతే వచ్చే వారం అందరి స్లాట్లూ నిండుగా ఉంటాయి, ఎవరినీ ఏమీ అనలేరు.

ఖ) తక్కువ ఫైట్లు, పెద్దవి. ఐదో లెవెల్లో ఒక్కొక్కరికి రోజుకు 3,500 అడ్జస్టెడ్ ఎక్స్‌పీ (శత్రువుల సంఖ్యను బట్టి సవరించిన ఎక్స్‌పీ), నలుగురికి 14,000. మీడియం ఫైట్ 2,000, డెడ్లీ 4,400 దగ్గర మొదలవుతుంది. అంటే ఏడు మీడియం ఫైట్ల పనిని మూడు డెడ్లీ ఫైట్లు చేస్తాయి, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లతో. సమయం లేని టేబుళ్లకు నా ఓటు దీనికే. హెచ్చరిక: డెడ్లీ అన్న పేరు ఊరికే పెట్టలేదు, క్లెరిక్ లేని బృందానికి మొదటిది కాస్త తగ్గించి పెట్టండి.

గ) షార్ట్ రెస్ట్‌ను చిన్నది చేయండి. గంటకు బదులు 10 నిమిషాలు, కానీ రోజుకు రెండే. గంటసేపు కోటలో కూర్చోవడం అసంబద్ధంగా అనిపించి ఆటగాళ్లు షార్ట్ రెస్ట్ అడగడమే మానేసిన టేబుళ్లలో ఇది వెంటనే పనిచేస్తుంది. సంఖ్యకు హద్దు పెట్టడం మర్చిపోతే వార్‌లాక్ ప్రతి గదికీ ఒక రెస్ట్ అడుగుతాడు. వార్‌లాక్, సార్సరర్ కలిపిన మల్టీక్లాస్ ఉంటే మరీ జాగ్రత్త: షార్ట్ రెస్ట్ స్లాట్లను సార్సరీ పాయింట్లుగా మార్చుకుంటూ పోగేసే ఎత్తు ఒకటుంది. అది కుదరదని మొదటే చెప్పేయండి.

ఘ) షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు. ఇది డీఎం గైడ్‌లోనే ఉన్న ప్రత్యామ్నాయం. ఊళ్లు తిరిగే, రాజకీయాలు నడిచే కథకు బాగా కుదురుతుంది; ఒకే గుహలో పది గదులు ఉన్న కథకు అసలు కుదరదు. పెట్టేముందు గంటల లెక్కలో ఉండే స్పెల్స్ సంగతి తేల్చండి. మేజ్ ఆర్మర్ 8 గంటలే ఉంటుంది. రెస్ట్ సాగి స్పెల్ సాగకపోతే విజర్డ్‌కు అన్యాయం జరుగుతుంది. అదే పుస్తకంలో దాని పక్కనే లాంగ్ రెస్ట్‌ను గంటకు కుదించే పద్ధతి కూడా ఉంది. మీ సమస్యకు అది విషం.

ఏ దారి పట్టినా ఆటగాళ్లు వెంటనే పడుకుందాం అంటారు. లియోమండ్స్ టైనీ హట్ (శత్రువులు చొరబడలేని గుడిసె లాంటి స్పెల్) రిచువల్‌గా వేసి 8 గంటలు హాయిగా పడుకోగలరు. తలుపు బద్దలుకొట్టే రాక్షసులను పంపి ఆపాలని చూడకండి, అది మీకూ ఆ హట్‌కూ మధ్య పంతంగా మారుతుంది. గడియారం పెట్టండి: తెల్లారేలోపు బలి, మధ్యాహ్నానికి బయలుదేరే ఓడ, ఎనిమిది గంటల్లో పారిపోయే ప్రభువు. హట్ వేసుకోవచ్చు, ఓడ మాత్రం ఆగదు. ఒకసారి నిజంగా వెళ్లిపోనివ్వండి. ఆ తర్వాత మీరు గుర్తుచేయనక్కర్లేదు.

6. శత్రువులను గుంపుగా నిలబెట్టకండి

ఫైర్‌బాల్ వ్యాసార్థం 20 అడుగులు, గ్రిడ్ మీద అడ్డంగా ఎనిమిది గళ్లు. మీరు పెట్టే గదే 40 అడుగులైతే విజర్డ్ గురి కూడా చూడనక్కర్లేదు. పై లెక్కలో ముగ్గురికి బదులు ఇద్దరే దొరికితే ఒక్క ఫైట్ రోజున విజర్డ్ మొత్తం 164 నుంచి 119కి దిగుతుంది. ఒక్క రూల్ కూడా మార్చలేదు.

సగం మందిని మొదటి రౌండులో, మిగతావారిని మూడో రౌండులో దింపండి. ఇద్దరు విలుకాళ్లకు గోడ చాటు ఇవ్వండి: హాఫ్ కవర్ ఏసీకి, డెక్స్‌టెరిటీ సేవ్‌కు +2, నాలుగింట మూడు వంతుల కవర్ +5. ఒక్క బాస్‌ను ఒంటరిగా నిలబెట్టడం మానండి. ఒంటరి బాస్ ఒక సేవ్ తప్పితే చాలు, ఫైట్ ముగిసిపోతుంది.

ఇంకో తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది: మంత్రాయుధాలు కాని వాటికి రెసిస్టెన్స్ ఉన్న రాక్షసులను, పార్టీకి ఒక్క మ్యాజిక్ ఆయుధం ఇవ్వకుండానే దింపడం. ఫైటర్ డ్యామేజ్ సగమవుతుంది, విజర్డ్‌కి ఏమీ కాదు. 2014 రాక్షసులలో ఈ లక్షణం ఉన్నవి చాలా ఉన్నాయి, ఎంచుకునే ముందు ఆ గడి చదవండి.

అలాగని ప్రతి వారం యాంటీమ్యాజిక్, ప్రతి శత్రువుకూ కౌంటర్‌స్పెల్ పెట్టకండి. ఫైర్‌బాల్ నేర్చుకున్నవాడికి నాలుగు ఫైట్లలో ఒకసారైనా గుంపు దొరకాలి.

7. ఫైట్ బయట చూడండి

పై లెవెల్స్‌లో అసలు అంతరం ఇక్కడే. పదమూడో లెవెల్లో విజర్డ్ టెలిపోర్ట్‌తో పార్టీ మొత్తాన్నీ ఖండం దాటిస్తాడు. అంత పెద్ద పనికి ఫైటర్ షీట్‌లో సమాధానం లేదు. డ్యామేజ్ ఎంత కలిపినా ఈ లోటు పూడదు.

కింది లెవెల్స్‌లో పనికొచ్చేవి ముందు చెబుతాను. నాక్ స్పెల్ తాళం తీస్తుంది కానీ ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినిపిస్తుంది, వినిపించనివ్వండి. ఇన్విజిబిలిటీ కనపడకుండా చేస్తుందే గానీ అడుగుల చప్పుడును ఆపదు, కాన్సన్‌ట్రేషన్ కూడా తింటుంది. ఎక్స్‌పర్టైజ్ ఉన్న ఐదో లెవెల్ రోగ్‌కు తాళాల మీద +10 ఉంటుంది. డీసీ 15కి వందలో ఎనభై సార్లు గెలుస్తాడు. తరిమేవాళ్లు లేనప్పుడు ఆ పాచిక అడగనే అడగకండి, "తీశావు" అనేయండి. స్పెల్‌కి పాచిక లేకుండా విజయం, నైపుణ్యానికి మాత్రం ప్రతిసారీ పరీక్ష అంటే, మీరే రోగ్‌ను పక్కకు నెడుతున్నట్టు.

ఫైటర్‌కి బెదిరింపును కరిస్మాకు బదులు స్ట్రెంగ్త్‌తో వేయనివ్వండి, రూల్స్‌లోనే ఆ ప్రత్యామ్నాయం ఉంది. పేరు, హోదా, మనుషులు ఇవ్వండి: కాపలా దళం అతని మాట వినాలి, సేనాధిపతి అతన్నే పిలిపించాలి. పదో లెవెల్ దాటాక ఒక కోట, పాతికమంది సైనికులు ఇవ్వడం +3 కత్తి కన్నా మంచి మందు. ఇక్కడ రూల్ ఏమీ మారదు కాబట్టి నచ్చకపోతే కథలోనే వెనక్కి తీసుకోవచ్చు.

8. వస్తువు ఇస్తే లెక్క చూసి ఇవ్వండి

+1 గ్రేట్‌సోర్డ్ ఫైటర్‌ను 15 నుంచి 17.5కి తీసుకెళ్తుంది. చిన్న సవరణ, భయం లేదు. ఫ్లేమ్ టంగ్ ఇస్తే ప్రతి దెబ్బకూ ఇంకో 2డీ6: రౌండుకు 24.8. ఒక్క వస్తువుతో 65 శాతం పెరుగుదల. జాలిపడి ఐదో లెవెల్లో అది చేతిలో పెట్టి, నెల తర్వాత "ఇప్పుడు ఫైటర్ అందరినీ మింగేస్తున్నాడు" అని వచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఒక్క వస్తువు ఇచ్చి రెండు సెషన్లు ఆగండి. ఇచ్చింది లాక్కోవడం, ఇవ్వకపోవడం కన్నా పది రెట్లు కష్టం.

9. ఇంకా తేడా ఉంటేనే క్లాసు ముట్టుకోండి

కొన్ని చోట్ల రాసినవాళ్లదే తప్పు. 2014 బీస్ట్ మాస్టర్ రేంజర్ తన జంతువు చేత దాడి చేయించాలంటే తన యాక్షన్ వదులుకోవాలి. 2020లో వచ్చిన ప్రత్యామ్నాయంలో బోనస్ యాక్షన్ చాలు. అదే వాడండి. పాలడిన్ డివైన్ స్మైట్ ఒకే వంతులో రెండు మూడుసార్లు పేలుతోందని బాధగా ఉంటే, 2024లో అది బోనస్ యాక్షన్ స్పెల్ అయింది, వంతుకు ఒకటే. మాంక్ స్టనింగ్ స్ట్రైక్ కూడా వంతుకు ఒకసారే. ఆయుధాలు పట్టే క్లాసులకు 2024లో వెపన్ మాస్టరీ వచ్చింది. సొంతంగా రూల్ కనిపెట్టే ముందు ఇలా ఇప్పటికే పరీక్షించి అచ్చేసినది ఉందేమో చూడండి.

సొంతంగానే మార్చాలంటే: ఒకసారికి ఒకే మార్పు, రాతపూర్వకంగా, మూడు సెషన్ల గడువుతో. సెషన్ నడుస్తుండగా ఎప్పుడూ వద్దు. బలం తగ్గించిన ఆటగాడికి క్యారెక్టర్‌ను మళ్లీ కట్టుకునే అవకాశం ఇవ్వండి, ఆ బలం చూసే అతను ఆ క్లాసు ఎంచుకుని ఉంటాడు.

మొదటి రెండు లెవెల్స్‌లో మాత్రం ఏదీ సరిచేయకండి. మొదటి లెవెల్ విజర్డ్‌కు రెండు స్లాట్లు, ఎనిమిదో తొమ్మిదో హిట్ పాయింట్లు. రెండో లెవెల్ మూన్ డ్రూయిడ్ ఎలుగుబంటిగా మారి ఊరేగుతాడు. మూడు నాలుగు సెషన్లలో రెండూ వాటంతటవే సర్దుకుంటాయి. అప్పుడు పెట్టిన సవరణ తర్వాత అడ్డమవుతుంది.

పనిచేసిందో లేదో చూడటం

మార్పు తర్వాత మళ్లీ మూడు సెషన్లు అదే నోటుబుక్కు తెరవండి.

- లాంగ్ రెస్ట్ ముందు విజర్డ్ దగ్గర పెద్ద స్లాట్లు మిగలకూడదు. వరుసగా రెండు రోజులు మిగిలితే రోజు ఇంకా పొట్టిగానే ఉంది.
- రోజు మొత్తంలో ఎక్కువ డ్యామేజ్ చేసినవాడు, డ్యామేజ్ కోసమే కట్టిన మరో క్యారెక్టర్‌కు ఒకటిన్నర రెట్లు లోపల ఉంటే వదిలేయండి. సమానం కావాలని పట్టుబట్టకండి. బ్లెస్‌లు వేసే క్లెరిక్‌ను ఈ కొలతలోకి లాగకండి.
- చుక్కలు లెక్కపెట్టండి. రెండు సెషన్లుగా ఒక్క చుక్క కూడా లేని ఆటగాడు ఎవరు? తర్వాతి సెషన్‌కు ఒక సన్నివేశం అతని షీట్ ముందు పెట్టుకుని రాయండి.
- ప్రతి ఫైట్లోనూ ఒకే మనిషి హిట్ పాయింట్లు సున్నాకు పడుతున్నాయా? అయితే క్లాసు కన్నా ముందు అతను నిలబడే చోటు చూడండి. చాలాసార్లు విజర్డ్ ముందువరుసలో ఉంటాడు.

అంకెలన్నీ బాగుండి ఫైటర్ ఇంకా ఫోన్ చూసుకుంటుంటే మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి అతన్నే మళ్లీ అడగండి. బహుశా అతనికి ఫైటర్ అంటేనే విసుగొచ్చి ఉంటుంది. మంత్రాలు వేయాలనుంటే ఎల్డ్రిచ్ నైట్‌కో పాలడిన్‌కో మారనివ్వండి, అదే లెవెల్లో, అదే వస్తువులతో, కథలో ఏ సంజాయిషీ అడగకుండా.